మూయని కొట్టులో బోణీ

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక చీరల కొట్టు ముందు నిలబడి, చప్పట్లు కొడుతూ "రండమ్మా రండి" అని పిలవడం సుందరయ్య ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా అదే పని. నెత్తి మీద మెట్రో రైలు పోతున్నా, ఎదురుగా బస్సులు హారన్లతో పోట్లాడుకుంటున్నా ఆయన గొంతు విడిగా వినబడుతుంది. కొట్టు యజమాని పట్టాభి గారు ఒకసారి ముచ్చటపడి మైకు కొనిచ్చాడు. సుందరయ్య దాంట్లో రెండు కేకలు వేసేసరికి మైకుకే గొంతు పోయింది.

అయితే పిలవడం చిన్న విద్య. తిరిగి పిలవడం పెద్ద విద్య. బేరం కుదరక, కొనడానికొచ్చిన ఆవిడ మూతి ముడుచుకుని లేచింది. వెనక్కి ఎప్పుడు పిలవాలి?

"లేవంగనే పిలిస్తె సరుకు చవకదనుకుంటరు. రోడ్డెక్కినంక పిలిస్తె పక్క దుకాణపోడు గుంజుకపోతడు," అని కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేవాడు సుందరయ్య. "మరి ఎప్పుడు పిలవాలె అన్నా, చెప్పు అంటవు. నన్నడుగుడెందుకు? గా చెప్పే చెప్తది. ఒక కాలు చెప్పులకు పోవాలె, ఇంకో కాలు నేల మీదుండాలె. అప్పుడు మనిషి మనసు గూడ గట్లనే ఉంటది. గప్పుడు పిలువు."

ఇంత తెలిసినవాడు బేరంలో మోసపోయాడు. బేరం ఆడడం రాక కాదు. బాగా ఆడి.

సుందరయ్య భార్య కాంతమ్మ. కర్మన్‌ఘాట్‌లో చంటిపిల్లల బడిలో పదకొండేళ్లుగా ఆయా. ముక్కులు తుడవడం, బూట్లు తొడగడం, ఏడిస్తే ఎత్తుకోవడం ఆమె పని. మూడేళ్లుగా ఆమెకు వినికిడి తగ్గుతూ వచ్చింది. ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మొగుడు ఎలాగూ అరిచే మాట్లాడతాడు కదా! పెళ్లయిన కొత్తలో "జర మెల్లగ మాట్లాడయ్యా, పక్క పోర్షనోళ్లు ఏమనుకుంటరు" అని రోజూ పోరేది. ఆ పోరు ఆగినప్పుడు సుందరయ్య సంతోషించాడు. అనుమానపడవలసిన చోట ఆనందపడ్డాడు.

ఏప్రిల్ ఆఖరున, సెలవులకు రెండు రోజుల ముందు, ఒక పిల్ల బాత్రూంలో గడియ పడి ఇరుక్కుపోయింది. ఇరవై నిమిషాలు ఏడ్చింది. తలుపుకు నాలుగడుగుల దూరంలో కాంతమ్మ ఊడుస్తూనే ఉంది. ఆమెకు వినబడలేదు.

బడి నడిపే కృష్ణకుమారి మేడం తిట్టలేదు. నోటితో చెబితే ఏం అందుతుందో, ఏం అందదో అని కాగితం మీద రాసి చేతిలో పెట్టింది. 'కాంతమ్మా, నిన్ను పంపించాలని నాకు లేదు. జూన్ పన్నెండున బడి తెరుస్తాం. చెవికి మిషన్ పెట్టుకుని రా. లేకపోతే పిల్లల తల్లులకు నేను జవాబు చెప్పలేను.'

కాంతమ్మ ఆ కాగితం తెచ్చి సుందరయ్య ముందు పెట్టింది. "నాకు గా పని కావాలె," అంది. అంతే అంది.

దవాఖానాలో ఉచితంగా ఇస్తారని తెలిసి పేరు రాయించారు. నంబరు రావడానికి ఆరు నెలలన్నారు. అందుకని దిల్‌సుఖ్‌నగర్‌లోనే చెవి మిషన్లు అమ్మే చోటికి ముగ్గురూ వెళ్లారు. మూడోది కూతురు జోస్నా. ఎల్బీ నగర్‌లో ఒక సూపర్ మార్కెట్ బిల్లింగ్ కౌంటర్లో పని చేస్తుంది. అక్కడి అమ్మాయి కాంతమ్మ చెవులు పరీక్ష చేసి, రెండు చెవులకూ అరవై వేలు, ఒక్క చెవికైతే ముప్పై అంది. వీళ్ల దగ్గర ఉన్నవి ముప్పై ఒక్క వేలు. అందులో సగం జోస్నా జీతంలోంచి మిగిల్చినవే.

"ఎంతకిస్తవమ్మా ఆఖరికి?" అన్నాడు సుందరయ్య, చేతులు కట్టుకుని.

ఆ అమ్మాయి నవ్వుతూ గోడ మీది బోర్డు చూపించింది. ఫిక్స్‌డ్ రేట్.

సుందరయ్య మొహం మాడిపోయింది. చెప్పుల దాకా వెళ్లాడు. ఒక కాలు చెప్పులో పెట్టాడు. ఇంకో కాలు నేల మీదే ఉంచి కాసేపు నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు.

"డాడీ, ఒక్క చెవికే కొందాం," అంది జోస్నా బయటికొచ్చాక. "పనైతే నిలబడ్తది గదా. రెండోది మెల్లగ చూస్కోవచ్చు."

"దేవుడు రెండిచ్చిండు బిడ్డా. ఒక్క చెవికి కొంటె రెండోది అలగదా?" అని నవ్వాడు సుందరయ్య. "అయినా రూపాయి గూడ తగ్గియ్యనోణ్ణి ఎట్ల నమ్మాలె? బేరానికి రానోడు ఏదో దాస్తున్నట్టే."

ఇది ఆయన లెక్క. బేరమాడేవాడు మనిషి, బేరమాడనివాడు దొంగ. దిల్‌సుఖ్‌నగర్లో ఈ లెక్క ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.

మే నెల మధ్యలో ఫోన్లో ఒక వీడియో వచ్చింది. తెల్లజుట్టు ముసలాయన చెవిలో శనగగింజంత మిషన్ పెట్టుకోగానే మనవరాలి మాట వినబడి ఏడుస్తాడు. చూసి సుందరయ్య కూడా ఏడ్చాడు. కింద జత నలభై ఎనిమిది వేలు అని రాసి అడ్డంగా కొట్టేశారు. 'సమ్మర్ కోడ్ వాడండి, సగానికి సగం తగ్గింపు. ఈ రోజే ఆఖరు.' పక్కన గడియారం సెకన్లు తరుగుతూ ఉంది. ఆఫర్ అంటే ఎవరినీ ఆపరు కదా. లింకు నొక్కితే లంకెబిందెలే అనుకున్నాడు. వెబ్‌సైట్ చూడటానికి ముందు కంటి సైటు చూపించుకోవలసింది.

జోస్నాకు చూపించాడు. ఆ పిల్ల డ్యూటీకి తయారవుతూ, జడ పిన్ను నోట్లో పెట్టుకునే అంది.

"మా కౌంటర్ల రోజూ కోడ్లు కొడ్త డాడీ నేను. కోడ్ అంటె ఏంది? డబ్బల కొట్టంగనే రేటు తగ్గాలె. తగ్గకుంటె చెల్లదన్నట్టు. గంతే. గీడ చూడు, కోడ్ కోసం వాట్సాప్‌ల మనిషితోని మాట్లాడమంటున్నడు. మాట్లాడుడేంది?"

"అడిగి చూస్త. అడిగితె పైసలు పోవు గదా."

"అడుగు. సరుకు చేతికొచ్చినంక పైసలిస్తనను. ఒప్పుకుంటె తీస్కో. లేదంటె ముట్టకు. ఇయ్యాల ఒక్కరోజే అంటున్నడు గదా, రేపు చూడు, మల్ల ఇయ్యాల్నే అంటడు."

"సరే బిడ్డా."

సరే అన్నాడు. సరేకీ చేసేదానికీ మధ్య ఒక రాత్రి గడిచింది. తెల్లారి ఎనిమిదింటికి టీ గ్లాసు పక్కన పెట్టుకుని వాట్సాప్ తెరిచాడు. అవతల పేరు రంజిత్. సుందరయ్య మొదటి మెసేజే చాటింపులా పెట్టాడు. "బాబూ, నేను దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంల ఇరవై ఆరేండ్ల సంది పని చేస్తున్న. నాకు రేట్లు నేర్పియ్యకు. ఆఖరికెంత?"

"నమస్తే సార్. కోడ్ పెడితే ఇరవై నాలుగు వేలు. ఫైనల్."

"ఫైనల్ క్రికెట్ల ఉంటది. రేటుల ఉండది. పదికియ్యి."

"పదికి మాకే పడలేదు సార్."

సుందరయ్యకు ఒళ్లు పులకరించింది. మాకే పడలేదు! రోజుకు వందసార్లు ఆయన అనే మాట అది. అవతల ఉన్నది కంప్యూటర్ కాదు, మనిషి. అందులోనూ కొట్లో నిలబడిన మనిషి. అరగంట ఆడుకున్నారు ఇద్దరూ. ఇరవై రెండు అన్నాడు వాడు. పదకొండు అన్నాడీయన. ఇరవై అన్నాడు వాడు. అక్కడ బిగుసుకున్నాడు. వంద కూడా దిగలేదు. దొంగైతే ఎంతకంటే అంతకు ఇచ్చేసేవాడు, వీడు వంద కోసం ప్రాణం తీస్తున్నాడంటే వీడి దగ్గర సరుకున్నట్టే అనుకున్నాడు సుందరయ్య.

"వద్దులే. పోతున్న," అని రాసి ఫోన్ బోర్లించాడు. టీ తాగాడు. గోడ గడియారం చూశాడు. పదకొండో నిమిషంలో ఫోన్ మోగింది.

"సార్, రండి. పొద్దున్నే బోణీ. పద్నాలుగు చేసుకోండి. కాదనకండి."

బోణీ!

దిల్‌సుఖ్‌నగర్లో రోజు మొదటి అమ్మకం బోణీ. ఆ నోటును పట్టాభి గారు కళ్లకద్దుకుంటాడు. సుందరయ్య కళ్లకద్దుకోడు గానీ, లోపల ప్రభువుకు స్తోత్రం అనుకుంటాడు. బోణీ బేరంలో చిరుగున్న చీర ఇవ్వరు, కొలత తగ్గించరు, అబద్ధం ఆడరు. ఆడితే ఆ రోజంతా కొట్టు ఎండిపోతుందని భయం. ఇరవై ఆరేళ్లలో సుందరయ్య మధ్యాహ్నం చెప్పిన అబద్ధాలకు లెక్క లేదు. బోణీలో మాత్రం ఒక్కటీ లేదు.

"సరుకొచ్చినంక పైసలిస్త," అని రాశాడు, కూతురి మాట గుర్తుకొచ్చి.

"కోడ్ పెట్టినవాటికి అది లేదు సార్. కోడ్ తీసేస్తే నలభై ఎనిమిది. మీ ఇష్టం. బోణీ అని అడిగాను."

బోణీ అడిగినవాణ్ణి కాదని పంపే చేయి కాదు సుందరయ్యది. పద్నాలుగు వేలు స్కాన్ చేసి కొట్టాడు. డబ్బు అందుకున్న పేరు రంజిత్ కాదు, ఎవరో ఆడమనిషి పేరు వచ్చింది. రంజిత్ ఇంటావిడ అయ్యుంటుంది, ఆడవాళ్ల చేతిలో పైసలు నిలుస్తాయి, మంచి కుటుంబం అనుకున్నాడు.

మూడో రోజు మెసేజ్ వచ్చింది. పార్సిల్ ఆగిపోయింది, ఆరు వేలు కడితే వదులుతారు, అది మళ్లీ రిఫండ్ వస్తుంది. కట్టాడు. వారం తర్వాత ఇంకో కోడ్ పంపారు. దీని పేరు రిలీజ్ కోడ్. పదకొండు వేలు. ఇదీ రిఫండే. మొదటి పద్నాలుగు పోకూడదని ఆరు, ఆ ఇరవై పోకూడదని పదకొండు. కొత్తపేట పండ్ల మార్కెట్ తరలిపోయి ఏళ్లయింది, ఇంక ఆ ఏరియాలో దొరికే పండు రిఫండు ఒక్కటే అని ఆశపడ్డాడు. అదీ దొరకలేదు. కూపన్ అనుకుని దిగింది కూపం. చెవిలో మిషన్ పెడదామని బయల్దేరినవాడు చెవిలో పువ్వు పెట్టించుకున్నాడు.

ఆ తర్వాత రంజిత్‌కి పంపిన మెసేజ్‌ల పక్కన ఒకటే టిక్కు. ఫొటో మాయమైంది. ఫోన్ చేస్తే పలకలేదు. రోడ్డంతా తిరిగి చూసేలా పిలవగలిగినవాడు నాలుగు రోజులు ఒక్కణ్ణి పిలిచి పిలిచి అలసిపోయాడు.

అయిదో రోజు పట్టాభి గారు కౌంటర్ వదిలి బయటికొచ్చాడు.

"ఏవయ్యా సుందరయ్యా, గొంతు బాగోలేదా? పొద్దుట్నుంచీ ఒక్క కేక లేదు. జనం పక్క కొట్టుకి పోతన్నారు."

సుందరయ్య ఫోన్ తీసి చేతిలో పెట్టాడు. పట్టాభి గారు కళ్లద్దాలు సవరించుకుని మొదటినుంచీ చదివాడు. బేరం దగ్గర నవ్వాడు. "బాగా ఆడావయ్యా, ఇరవై నాలుగు నుంచి పద్నాలుగుకా!" అన్నాడు. ఆ తర్వాత నవ్వు ఆగింది.

"ఇదేవిటి? బోణీ అన్నాడా?"

"అన్నడు సేటు. గా మాటకే నమ్మిన."

"రాత్రీ పగలూ తెరిచుండే కొట్టయ్యా అది! షట్టరు ఎత్తేదెప్పుడు, దించేదెప్పుడు? మూయనివాడికి బోణీ ఎక్కణ్ణుంచి వస్తుంది?"

పట్టాభి గారు మెసేజ్‌లను వేలితో మళ్లీ మొదటికి జరిపాడు.

"మొదటి లైనులోనే నువ్వెవరో చెప్పేశావు కదా. చీరల కొట్లో పని చేస్తానన్నావు. వాడు నీ భాషే నీకు అమ్మాడు. డబ్బులు ఎప్పుడు కట్టావు?"

"ఆఖరియి కట్టి అయిదు రోజులాయె."

"అయ్యో. అదే గంటలో సైబర్ మోసాల నంబరుంది, వన్ నైన్ త్రీ జీరో, దానికి చెయ్యాల్సింది కదయ్యా. ఎక్కడో అక్కడ ఆపేవాళ్లేమో. ఇప్పుడన్నా చెయ్యి."

చేశాడు. అవతలి అమ్మాయి ఓపికగా అన్నీ రాసుకుంది. కంప్లయింట్ నంబర్ పంపింది. డబ్బు ఏ రోజుకారోజే ఇంకో నాలుగు ఖాతాల్లోకి వెళ్లిపోయిందని, ఏమన్నా తెలిస్తే చెబుతామని అంది. అన్నిటికీ సుందరయ్య "సరే అమ్మా" అన్నాడు. పట్టాభి గారు అడ్వాన్స్ మాట ఎత్తబోయి, "ఆషాఢం సేల్ కానీ, చూద్దాం," అని లోపలికి వెళ్లిపోయాడు. ఆషాఢం సేల్ అయ్యేసరికి బడి తెరిచి నెల దాటుతుంది.

ఇక ఇంట్లో చెప్పాలి. ఆ మాట ఎలా చెప్పాలో సుందరయ్యకు తెలియలేదు. భార్యాభర్తల మధ్య రహస్యం అంటే గుసగుస. కాంతమ్మకు గుసగుస అందదు. ఆమెకు చెప్పాలంటే ముందు పక్క పోర్షన్‌కు, పై పోర్షన్‌కు, మెట్ల కింద ఇస్త్రీ చేసే మట్టయ్యకు చెప్పాలి. జోస్నాకు మెల్లగా చెప్పవచ్చు. కానీ ఆ పిల్ల మొహం చూసి చెప్పే ధైర్యం లేదు. రోజూ సాయంత్రం కాంతమ్మ చేయి చెవి దగ్గర పెట్టి కనుబొమలెగరేసేది. వచ్చిందా? సుందరయ్య చేయి ఊపేవాడు. రేపు.

అలా రేపు రేపంటూ జూన్ పన్నెండు వచ్చింది.

ఆ రోజు ఏడింటికే కాంతమ్మ తయారైంది. బడివాళ్లిచ్చిన నీలం అంచు చీర కట్టుకుంది. చెవుల మీదికి జుట్టు రాకుండా వెనక్కి బిగించి దువ్వుకుంది. మిషన్ కనబడాలని.

"పార్సిల్ ఎల్బీ నగర్ ఆఫీసుల ఉన్నదంట. పోయి తీస్కోవాలె," అని అరిచాడు సుందరయ్య. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. ఇంకో గంట కావాలి, అంతే.

కొత్తపేటలో షేర్ ఆటో ఎక్కారు. కాంతమ్మ దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. తన మాట తనకు సరిగా వినబడదు కాబట్టి ఆటోలో అందరికీ వినబడేలా మాట్లాడింది.

"ఈసారి కొత్తోళ్లు పద్దెనిమిది మందంట. మొదటి రోజు అందరేడుస్తరు. ఎవడు ఉత్తగ ఏడుస్తున్నడో, ఎవడికి నిజంగ భయమైతున్నదో గొంతు వింటె తెలుస్తది నాకు. భయమైనోణ్ణి మొదలు ఎత్తుకోవాలె. మిగిలినోళ్లు వాళ్లే ఊకుంటరు. రెండేండ్ల సంది గది తెలుస్తలేకుండె. మొహాలు చూసి ఎత్తుకుంటున్న. మొహం చూస్తె అందరొక్కటే తీరు."

సుందరయ్య బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్ కింద దిగారు. నల్గొండ, సూర్యాపేట బస్సుల కోసం జనం మూటలతో నిలబడి ఉన్నారు. కండక్టర్లు కేకలేస్తున్నారు. సుందరయ్య ముందు నడిచాడు, కాంతమ్మ వెనక. ఒక సందులోకి వెళ్లి బయటికొచ్చాడు. ఇంకో సందులోకి వెళ్లాడు. మళ్లీ రోడ్డు మీదికి తెచ్చాడు.

"గీ జిరాక్స్ దుకాణం ఇందాక చూసినం గదయ్యా," అంది కాంతమ్మ. "ఆఫీసు ఏడ?"

సుందరయ్య ఆగాడు. ఈ రొదలో అరిచినా ఎవరికీ వినబడదనే ఇక్కడికి తెచ్చాడేమో.

"కాంతా, మిషన్ రాదు."

"ఆఁ?"

"మిషన్ రాదు!"

"బస్సుల చప్పుడు. గట్టిగ చెప్పు."

ఆయన రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకున్నాడు, కొట్టు ముందు నిలబడినప్పుడు పెట్టుకున్నట్టు.

"మోసపోయిన కాంతా! పైసలన్నీ పోయినయ్! మిషన్ లేదు! రాదు!"

బస్సుల కోసం నిలబడ్డ జనమంతా ఇటు తిరిగారు. నల్గొండ కండక్టర్ కేక మధ్యలో ఆపాడు. ఒకావిడ సంచి దగ్గరికి లాక్కుని రెండడుగులు పక్కకు జరిగింది.

కాంతమ్మకు అందింది. కాసేపు ఆయన నోటినే చూస్తూ నిలబడింది, ఇంకేమన్నా వస్తుందేమోనని.

"అన్నీ?"

తల ఊపాడు.

"ఒక్క చెవికయ్యే పైసలు గూడ లేవా?"

లేవన్నట్టు ఊపాడు.

"జోస్నయి?"

ఆయన దానికి ఊపలేకపోయాడు. కాంతమ్మ కొంగు భుజం మీదికి సర్దుకుంది.

"మేడంకు ఫోన్ చెయ్యి. రాదని చెప్పు. నేను చేస్తె నాకినబడది."

"పోయి బతిమాలుదాం కాంతా! ఇంకో నెల అడుగుదాం! అడిగితె ఒప్పుకుంటది!"

"పిల్ల ఇరవై నిమిషాలేడ్చింది," అంది కాంతమ్మ. "నేను గాడ్నే ఉన్న. బేరం చేసేది కాదయ్యా అది. ఫోన్ చెయ్యి."

చేశాడు. కృష్ణకుమారి మేడం వెంటనే ఎత్తింది. మిషన్ కొనలేకపోయామని, కాంతమ్మ రాదని చెప్పాడు. జీవితంలో మొదటిసారి అవతలివాళ్ల మాటకు తగ్గింపు అడగలేదు.

"అయ్యో," అంది మేడం. "నేను ఎదురుచూస్తున్నాను సుందరయ్యా, నిజంగా. సరే, ఇంకొకరిని పిలుచుకుంటాను. మిషన్ పెట్టుకున్నాక ఒకసారి రమ్మనండి, ఖాళీ ఉంటే..."

ఆమె మాట వెనక పిల్లలు ఏడుస్తున్నారు. పద్దెనిమిది మందీ ఒకేసారి. అందులో ఒక గొంతు అందరికన్నా చిన్నది, ఊపిరందక తెగి తెగి వస్తోంది. అది ఉత్త ఏడుపో, భయమో సుందరయ్యకు తెలియలేదు.

కాంతమ్మ ఆయన చొక్కా పట్టి లాగింది. "పిల్లలొచ్చిన్రా? ఏడుస్తున్నరా?"

"ఏడుస్తున్నరు!"

"ఎవలన్నా భయపడి ఏడుస్తున్నరా?"

ఆయన ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. "ఉంటానండీ, పిల్లలు," అని మేడం పెట్టేసింది.

కాంతమ్మ ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది. కుడి చెవికి పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. తర్వాత ఎడమ చెవికి మార్చింది. సూర్యాపేట బస్సు వాళ్ల పక్కనుంచే హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆమె రెండో చెవిని అరచేత్తో మూసుకుని వింటూ నిలబడింది.

ఫోన్ ఎప్పుడో కట్ అయిందని సుందరయ్య చెప్పలేదు. చెప్పాలంటే మళ్లీ అరవాలి.